మూల తిరిగే వేగం

లిఫ్టు తలుపులో వేలు నలిగి బాబాయిని ఆసుపత్రికి తీసుకెళ్ళారన్న కబురు వినగానే తూనీగకు ముందు కలిగింది జాలి కాదు. జాలి కూడా కలిగింది, కాకపోతే రెండో బస్సులో వచ్చింది. మొదటి బస్సులో దిగింది మాత్రం ఆశ. ఛీ, ఇదేం బుద్ధి అని తన నెత్తిన తానే ఒక మొట్టికాయ వేసుకుని, చేతిలో కత్తెర పక్కన పడేసి, పరిచి ఉన్న టార్పాలిన్ మీంచి ఒక్క గెంతు గెంతి రోడ్డెక్కింది.

తూనీగ అన్నది అన్నయ్య పెట్టిన పేరు. చిన్నప్పుడు ఆమెకు ఒక్కచోట కాలు నిలిచేది కాదు. ముప్పై ఎనిమిదేళ్ళొచ్చి, ఒక మొగుడూ ఒక ఉద్యోగమూ వచ్చి చేరినా కాలూ నిలవలేదు, పేరూ పోలేదు. లారీల మీద సరుకు తడవకుండా కప్పే టార్పాలిన్ పట్టాలు కుట్టే షెడ్డులో పద్దెనిమిదేళ్ళుగా మిషను తొక్కుతోంది. సాయంత్రమైతే అన్నయ్య బ్యాండు వెంట తిరుగుతుంది.

బ్యాండంటే నలుగురు. అన్నయ్య పగలు సిటీ బస్సు నడుపుతాడు, పొద్దువాలాక డ్రమ్ములు వాయిస్తాడు. వదినకు జుట్టు కత్తిరించే సెలూను ఉంది, పాట ఆవిడదే. కీబోర్డు ముందు లెక్కల మాస్టారు. నాలుగో మనిషి లిఫ్టు బాబాయి. ఆయన ఎవరికీ బాబాయి కాదు, అందుకే అందరికీ బాబాయే. ఊళ్ళో లిఫ్టులు బాగుచేస్తాడు, బేస్ గిటారు వాయిస్తాడు. మామూలు గిటారు కంటే మెడ పొడుగు, తీగలు నాలుగే, ఒక్కోటి చెప్పుల దారమంత లావు.

ఇక తూనీగ పని వైర్లు మోయడం, చుట్టడం, విప్పడం. పదకొండేళ్ళు అదే చేసింది. ఎందుకు చేశావే అంటే ఎవరికీ చెప్పలేదు గానీ, కారణం ఒకటుంది. పాట మొదలవగానే ఆమె వెళ్ళి బేస్ స్పీకరు పెట్టెకు వీపు ఆనించి కూర్చునేది. అందరూ చెవులతో వింటే ఆమె వెన్నుపూసతో వినేది. ఆ గుమ్మనే దెబ్బ నేలలోంచి లేచి, కడుపులో దూరి, గొంతుకు అడ్డం పడేది. జనం వదిన గొంతుకు చప్పట్లు కొడుతుంటే, ఒరేయ్ పిచ్చివాళ్ళారా, మిమ్మల్ని లేపి నిలబెట్టింది ఆ గొంతు కాదురా, ఈ పెట్టె అనుకునేది.

ఆసుపత్రి బల్ల మీద బాబాయి ఎడమచేతి నడిమి వేలికి వంకాయంత కట్టుతో కూర్చుని ఉన్నాడు.

"ఎలా ఉంది బాబాయ్?"

"ఉంది. ఊడలేదు. అదే చాలు. ఆరు వారాలు తీగ ముట్టుకోకూడదట."

"కొత్త మార్కెట్ తెరిచేది, అక్కడ మన బ్యాండు వాయించేది నాలుగు వారాల్లోనే కదా!"

బాబాయి ఆమెను ఎగాదిగా చూశాడు. "నువ్వు నా వేలు చూడ్డానికొచ్చావా, తేదీ చూడ్డానికొచ్చావా?"

తూనీగ పని దొంగకు తేలు కుట్టినట్టయింది. బాబాయి పకపకా నవ్వి, నవ్వేసరికి వేలు సలిపి, అబ్బా అన్నాడు. "గిటారు మా ఇంట్లో తలుపు వెనకాల ఉంది. పట్టుకుపో. నీ కళ్ళు దాని మీదున్నాయని పదకొండేళ్ళుగా తెలుసు. ఒక్క మాట మాత్రం విను. ముందు ఎప్పుడు వేయాలో నేర్చుకో. తర్వాత ఎప్పుడు ఆపాలో. ఏ స్వరం అన్నది మూడోది. సొగసులు నాలుగోవి, అవి రాకపోతే కొంపలేం మునగవు. అర్థమైందా?"

అర్థమైందని గంగిరెద్దులా తల ఊపింది. తలుపు వెనకనుంచి గిటారు తీసి, మెడలో తగిలించుకుని, ఇంటికి నడవలేక ఎగిరింది.

ఆ రాత్రే షెడ్డునుంచి తెచ్చిన పట్టా ముక్క మీద సుద్దతో వరస రాసుకుంది. ఒకటి, మూడో పాటలో ఎనిమిది చుట్లు. చుట్టంటే నాలుగు లెక్కలు. బ్యాండు సొంతంగా కట్టుకున్న ఆ మూడో పాట నడిమధ్యన డ్రమ్ములతో సహా అందరూ ఆగిపోతారు, ఎనిమిది చుట్లు బేస్ ఒక్కటే మాట్లాడుతుంది. బాబాయికి పేరొచ్చిందే ఆ ముక్కతో. రెండు, బొటనవేలితో తీగను చరిచి, చూపుడువేలితో లాగి వదలడం. మూడు, గిటారును తొడల దాకా వేలాడదీసి నిలబడే తీరు. నాలుగు, మిగతా పాటలు. అయిదు, లెక్క.

బాబాయి చెప్పిన వరసను కాళ్ళు పైకి, తల కిందికి పెట్టి నిలబెట్టింది. నేల విడిచి సాము అంటే ఇదే. ఆ సంగతి ఆ పూట ఆమెకు చెప్పబోయిన వాడు ఒక్కడే, మొగుడు. "ఒసేయ్, ఇందాకట్నించీ ఆ ఒక్క ముక్కే వాయిస్తున్నావు. తక్కిన పాట ఎవరు వాయిస్తారు?"

"అదేముంది, రెండే స్వరాలు. కళ్ళు మూసుకుని వాయించొచ్చు."

"అయితే ఓసారి మూసుకో, చూద్దాం."

"నువ్వు ముందు చెవులు మూసుకో!" అంది.

రెండు వారాలు వేళ్ళు బొబ్బలెక్కాయి, బొబ్బలు పగిలి కాయలు కాశాయి. ఎనిమిది చుట్లలో అయిదు చుట్లు దాదాపు వచ్చేశాయి. మనిషి నేల మీద లేదు.

* * *

రిహార్సలు వదిన సెలూను వెనక గదిలో. మూడు వైపులా అద్దాలు, మూలన ఊడ్చిన జుట్టు కుప్ప, షాంపూ వాసన. కుర్చీలు పక్కకు జరిపి డ్రమ్ములు పెట్టారు. అద్దాల్లో తూనీగ నలుగురైంది. నలుగురికీ గిటారు తొడల దాకా వేలాడుతోంది.

"బాగా దించావే, మోకాళ్ళతో వాయిస్తావా?" అంది వదిన.

"నువ్వు పాడు వదినా, నేను ఎలా వాయిస్తానో తర్వాత చూద్దువు."

అన్నయ్య పుల్లలు నాలుగుసార్లు కొట్టి ఎత్తుకున్నాడు. పాట కదిలింది. రెండే స్వరాలు, అటూ ఇటూ, అటూ ఇటూ. తూనీగ ఒళ్ళంతా పొంగు. నేను! నేను వాయిస్తున్నాను! కాసేపటికి వదిన ఊపిరి ఎగబీల్చుకుంటూ మాటలు మింగడం మొదలెట్టింది. తర్వాత పల్లవి. అక్కడ ఎడమ చెయ్యి గిటారు మెడ మీద మూడో మెట్టు నుంచి పదో మెట్టుకు ఎగబాకాలి. అక్కడికొచ్చేసరికి పాట మొత్తం బురదలో దిగిన బండిలా మూలిగింది. పల్లవి దాటాక మళ్ళీ పరుగు. వదిన ఒక చరణం మధ్యలో చెయ్యెత్తి ఆపేసింది.

"ఆపండి బాబూ! పాట పాడుతున్నానా, బస్సు వెంట పరుగెత్తుతున్నానా?"

"నీ ఆడపడుచునడుగు," అన్నాడు అన్నయ్య.

"నేనేం చేశాను? నీ కాలే ఉరుకుతోంది అన్నయ్యా!"

"ఇరవై ఏళ్ళుగా వాయిస్తున్నానే నేను!"

"ఇరవై ఏళ్ళుగా బస్సు కూడా నడుపుతున్నావు, ఒక్కరోజు టైముకొచ్చిందా?"

వదిన ఫక్కున నవ్వింది. అన్నయ్య పుల్లతో చెల్లెల్ని చూపిస్తూ ఏదో అనబోయాడు. లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఆయన ఎవరినీ తిట్టడు. అంకె చెప్తాడు, అది తిట్టుకన్నా గట్టిగా తగులుతుంది. వాయించిందంతా ఫోనులో పట్టి, లెక్కలు కట్టి చూశాడట. "మొదట నిమిషానికి తొంభై ఆరు దెబ్బలు. చరణం చివరికి నూట పద్నాలుగు. పల్లవి మలుపు దగ్గర ఎనభై. చెల్లెమ్మా, ఎవరి వల్లో నాకు తెలీదు. బాబాయి ఉన్నప్పుడు మాత్రం తొంభై ఆరుకి తొంభై ఏడు దాటలేదు."

తూనీగ తీగల మీంచి వేళ్ళు తీసేసింది.

"కావాలంటే నా ఎడమ చేత్తో కీబోర్డు మీదే బేస్ లాగించేస్తాను," అన్నాడు మాస్టారు మెల్లగా. "అంత బాగుండదు. కానీ పడిపోదు."

అన్నయ్య చెల్లెలి వైపు చూడకుండా పుల్లలు సంచిలో పెట్టుకున్నాడు. "మార్కెట్ రోజున జనం డాన్సు చెయ్యాలి తూనీ. వెయ్యి మంది వస్తారు. వచ్చే శనివారానికి పది రోజులుంది. ఆ రోజు మళ్ళీ కూర్చుందాం. నిలబడ్డావా, నువ్వే. లేదా, మాస్టారి ఎడమ చెయ్యి." సంచి జిప్పు లాగుతూ, "వైర్లు ఎటూ నువ్వే చుట్టాలి," అన్నాడు. నవ్వించడానికే అన్నాడు పాపం. అది ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది.

* * *

మర్నాడు షెడ్డులో టీ వేళ తూనీగ తన ఫోనులో పట్టుకున్న పాట పెట్టింది. తప్పు అన్నయ్యదేనని పదిమందీ విని తేల్చాలి, అంతే. పక్కన రింగుల తాత నేల మీద కూర్చుని పట్టా అంచులకు ఇత్తడి రింగులు సుత్తితో దిగ్గొడుతున్నాడు. సంగీతానికీ ఆయనకూ ఆమడ దూరం. రేడియో పెడితే ఆపమంటాడు.

రెండు నిమిషాలు విన్నాడో లేదో సుత్తి ఆపాడు. "ఇదేంటే, మన షెడ్డులో రికార్డు చేశావా?"

"కాదు తాతా. పాట. మా బ్యాండు."

"పాటేంటి నీ మొహం! ఇది నీ మిషను కదా!"

"ఎక్కడి మిషను తాతా, అది గిటారు."

"పద్దెనిమిదేళ్ళుగా నీ పక్కన కూర్చుని చెవులు చిల్లులు పడ్డవాణ్ణి, నాకు చెప్తావా? ఇదిగో, తిన్నటి కుట్టు. వస్తోంది, వస్తోంది, ఎదురెవరూ లేరు, కాలు నొక్కేశావు. రయ్యిన పరుగు. ఇదిగో, ఇక్కడ మూల వచ్చింది. నాలుగు మడతల మందం. కాలు తీశావు. చక్రం చేత్తో తిప్పుకుంటున్నావు... తిరిగింది. మళ్ళీ నొక్కుడు." తాత సుత్తితో రింగు మీద అదంతా కొట్టి చూపించాడు. టకటకటక టకటక, టక్... టక్... టక్... టకటకటక. "ఈ షెడ్డులో ఇంత పిచ్చిగా తొక్కేది నువ్వొక్కదానివే."

అందరూ గొల్లుమన్నారు. తూనీగ నవ్వలేదు. పాట మొదటికి తిప్పి, ఫోను చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. చరణం. రెండే స్వరాలు, ఎదురెవరూ లేరు. ఆమెకు తెలియకుండానే కుడికాలు కింద నేలను నొక్కుతోంది. పల్లవి మలుపు. కాలు లేచింది. మళ్ళీ చరణం. కాలు దిగింది.

"తాతా!" అని ఒక్క అరుపు అరిచింది. చేతిలో టీ ఒలికి పట్టా మీద పడింది. "నువ్వు దేవుడివి తాతా!"

"టీ తుడువు ముందు."

పట్టుబడిన దొంగకు ఇంత సంతోషమేమిటని మీరనొచ్చు. ఇన్నాళ్ళూ ఆమె తప్పు గాలిలో ఉంది, ఎక్కడని పట్టుకుంటుంది? ఇప్పుడు దానికో ఇల్లుంది, ఇంటికో తలుపుంది. కుడికాలు! పద్దెనిమిదేళ్ళు తిండి పెట్టిన కాలు! షెడ్డులో అది మంచి గుణమే. పట్టాకు ఎవరూ డాన్సు చెయ్యరు కదా. తిన్నటి చోట తొందరగా లాగించి, ఆ మిగిలిన టైము మూలకు పెట్టుకునేవాళ్ళే పనిమంతులు. పాటలో మిగిల్చుకోవడం ఉండదు.

పని దిగీదిగగానే బాబాయి ఇంటికి పరుగు. ఆయన ఒంటిచేత్తో డబ్బాలో మరలు ఏరుకుంటున్నాడు. ఆయాసపడుతూ, కాలితో చూపిస్తూ అంతా చెప్పింది. బాబాయి మరలు పక్కన పెట్టాడు.

"పాటంతట్లో నీకు కష్టమైన చోటేది?"

"పల్లవి మలుపు. మూడు నుంచి పదికి."

"అక్కడ తప్పకుండా తిరగాలంటే ఎంత నెమ్మదిగా వెయ్యాలి?"

తూనీగ గాలిలో చెయ్యి తిప్పి చూసుకుంది. "చాలా. అరవై."

"అయితే పాటంతా అరవైలోనే వెయ్యి. తిన్నటి చోట కూడా. మూల ఎంత వేగంలో తిరగగలవో, అదే నీ వేగం. అంతకంటే ఎక్కువ నీ దగ్గర లేదు. ఉన్నట్టు నటిస్తున్నావు, అంతే."

"మరి ఎనిమిది చుట్లు? అయిదొచ్చాయి బాబాయ్! పొరపాట్న ఇప్పుడు వదిలితే..."

"అవి ఎక్కడికీ పోవులే. నీకున్నది పది రోజులు. ఏది లేకపోతే జనం కాళ్ళు ఆగిపోతాయో అది ముందు. ఏది లేకపోయినా ఎవరికీ తెలీదో అది చివర. ఆలూ లేదు, చూలూ లేదు, నువ్వేమో పిల్లాడికి క్రాపు దువ్వుతున్నావు."

ఇంటికి వెళ్ళి, పట్టా ముక్క మీది సుద్ద రాతను తడిగుడ్డతో తుడిచేసింది. తుడుస్తుంటే ఆ ఎనిమిది చుట్ల దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పళ్ళు బిగబట్టి అదీ తుడిచింది. గిటారు బెల్టు బిగించి, పొట్ట మీదకు ఎక్కించుకుంది. అందం పోయింది, చెయ్యి తిన్నగా అందింది.

* * *

అరవై అంటే ఏమిటో వాయిస్తే గాని తెలీదు. నత్తకు నడక నేర్పినట్టుంటుంది. ఫోనులో టిక్కు టిక్కుమని లెక్క కొట్టే ఏర్పాటు పెట్టుకుని, కుడికాలిని కుర్చీలో మడిచి దాని మీద కూర్చుంది. ఒక టిక్కుకూ మరో టిక్కుకూ మధ్య ఊరంత ఖాళీ. ఆ ఖాళీలో చెయ్యి దురద పుట్టేది, ముక్కు దురద పుట్టేది, ఒళ్ళంతా పద పద అనేది. మొదటి రోజు అరగంటలో ఏడుపొచ్చింది. మొగుడికి నిద్రొచ్చింది.

"ఇది బాగుందే," అన్నాడు ఆవులిస్తూ. "జోల పాటలా ఉంది."

నియమం ఒకటే. మలుపు వరసగా పదిసార్లు తప్పు లేకుండా తిరిగితేనే లెక్క రెండంకెలు పెంచాలి. తొమ్మిదిసార్లు తిరిగి పదోసారి తప్పితే మళ్ళీ ఒకటి. షెడ్డులోనూ కాలిని అదుపులో పెట్టింది. తిన్నటి చోటా మూలకూ ఒకటే తొక్కుడు. రింగుల తాత సుత్తి ఆపి చూశాడు. "మిషను పాడైందా, మనిషి పాడైందా?" సాయంత్రానికి పట్టాలు ఎప్పుడూ ఎన్నో అన్నే తేలాయి. తాత రెండుసార్లు చూసుకున్నాడు, నమ్మలేక.

నాలుగో రోజు డెబ్భై ఆరు దగ్గర వాయిస్తుండగా టిక్కు ఆగిపోయింది. ఛార్జింగ్ అయిపోయింది కాబోలనుకుని గిటారు ఆపి ఫోను చూసింది. టిక్కు, టిక్కు, టిక్కు. శుభ్రంగా కొడుతోంది. మళ్ళీ ఎత్తుకుంది. కాసేపు వినబడింది, మళ్ళీ మాయం. ఆపితే ఉంది. వాయిస్తే లేదు.

అప్పుడు వెలిగింది. తన దెబ్బ సరిగ్గా టిక్కు నెత్తి మీద పడుతోంది! లావు తీగ గుమ్ము కింద ఆ పీల టిక్కు అణిగిపోతోంది. చెవికి అందనంత సరిగ్గా!

"ఏవయ్యోయ్! ఇలా రా! ఏమైనా వినిపిస్తోందా?"

మొగుడు వంటింట్లోంచి వచ్చి నిలబడ్డాడు. "నీ గిటారు."

"టిక్కు?"

"లేదే. ఆపేశావుగా."

తూనీగ వాయిస్తూనే మంచం ఎక్కింది. మంచం మీద నిలబడి వాయిస్తూ, ఆపకుండా, లెక్క తప్పకుండా నవ్వింది. పదకొండేళ్ళు వీపుతో విన్నది ఇప్పుడు వేళ్ళలోంచి పోతోంది. ఆ తర్వాత ఎవరూ ఆమెను వాయించమని చెప్పాల్సిన పని లేకపోయింది. ఆపమని చెప్పడానికే పక్కింటివాళ్ళు రెండుసార్లు వచ్చారు.

ఏడో రోజుకు ఎనభై ఎనిమిది. తొమ్మిదో రోజు సాయంత్రం తొంభై ఆరులో మలుపు ఎనిమిదిసార్లు తిరిగి తొమ్మిదోసారి తప్పింది. మళ్ళీ ఒకటి.

* * *

శనివారం సెలూను అద్దాల ముందు ఎవరూ జోకులెయ్యలేదు. మాస్టారు ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. మూడో పాట మొదట్నుంచీ చివరిదాకా, మధ్యలో ఎనిమిది చుట్లు ఎత్తేసి, ఒకసారి వాయించారు. అన్నయ్య సగం పాట కళ్ళు చిట్లించి చెల్లెలి చెయ్యే చూశాడు. మిగతా సగం చూడటం మానేశాడు. వదిన గొంతులో చాలా రోజుల తర్వాత తీరిక వినిపించింది. మాటను సాగదీసింది, ఒకచోట ఆగి నవ్వింది కూడా.

మాస్టారు ఫోను తిప్పి చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"చెప్పండి మాస్టారూ, చంపకండి," అంది వదిన.

"తొంభై ఆరు. చివరికి తొంభై ఎనిమిది. మలుపు దగ్గర తొంభై అయిదు." ఎడమ చేతిని పైకెత్తి, దాన్ని చూస్తూ అన్నాడు, "నువ్విక ఇంటికి పోవచ్చు."

వదిన వచ్చి తూనీగ రెండు బుగ్గలూ పట్టుకుని ఊపేసింది. అన్నయ్య మాత్రం డ్రమ్ము వెనకనుంచి లేవలేదు. "ఎనిమిది చుట్ల సంగతేంటి? వస్తాయా?"

"వస్తాయి... కొంచెం."

"కొంచెం అంటే ఎన్నో వంతు?" అన్నాడు మాస్టారు.

"అయిదు బాగా. ఆరోది దేవుడి దయ."

అన్నయ్య పుల్లతో గడ్డం గోక్కున్నాడు. "అది ఎత్తేస్తే పాటకి నడుం విరిగిపోతుంది. నేను ఆగుతా. అందరం ఆగుతాం. నువ్వక్కడ ఏం వాయిస్తావో నీ ఇష్టం తూనీ. కానీ తొమ్మిదో చుట్టు మొదటి దెబ్బకి నేను దిగుతా, కళ్ళు మూసుకుని దిగుతా. అప్పుడు నువ్వక్కడ ఉండాలి. నువ్వు అటూ నేను ఇటూ పడ్డామంటే, వెయ్యి మంది ముందు ఇద్దరం కలిసి మునుగుతాం."

* * *

కొత్త మార్కెట్ హాలులో ఇంకా రంగు వాసన పోలేదు. ఆదివారం సాయంత్రం అయిదు గంటల ఎండ పైకప్పు అద్దాల్లోంచి దిగి, ఖాళీ దుకాణాల బల్లల మీద పలకలు పలకలుగా పరుచుకుంది. జనం వచ్చారు, వస్తూనే గోడలకు అతుక్కున్నారు. మధ్యన పందిరంత చోటు ఖాళీ. మొదటి పాటకు చప్పట్లు కొట్టారు. రెండో పాటకు కొట్టారు. పక్కింటి పిల్లల మార్కులు విన్నప్పటి చప్పట్లు.

స్పీకరు పెట్టె ఈసారి తూనీగ వీపు వెనకే ఉంది గానీ, ఆనుకోవడానికి వీల్లేదు.

మూడో పాట. అన్నయ్య నాలుగు కొట్టాడు. రెండే స్వరాలు, అటూ ఇటూ. కుడికాలు లేస్తోంది, మడమ నేలకు అదిమి పెట్టింది. చరణం సగంలో, ఉల్లిపాయ బస్తాలు మోసే ఒక పెద్దాయన గోడను వదిలాడు. పెళ్ళాం చెయ్యి పట్టి లాగాడు. ఆవిడ ఛీ పొమ్మంది, చెప్పులు విప్పింది, వచ్చేసింది. వాళ్ళ వెనక చేపల బల్లల ఆడవాళ్ళు ఓ అయిదుగురు. పల్లవి మలుపు వచ్చింది. చెయ్యి మూడు నుంచి పదికి వెళ్ళింది; వెళ్ళిందని ఆమెకు తర్వాత తెలిసింది. ఖాళీ చోటు నిండిపోయింది. గోడలు ఖాళీ అయ్యాయి. ఎవరో ఒక తాత చేతికర్రను గాలిలో ఊపుతున్నాడు. ఆ గుంపు నడుమ వంకాయంత కట్టున్న వేలు ఒకటి పైకి లేచి ఊగుతోంది. బాబాయి! ఆమె వైపు ఒక్క చూపు కూడా చూడకుండా, ఎవరి పెళ్ళాంతోనో కాదు, తన పెళ్ళాంతోనే ఎగురుతున్నాడు.

అన్నయ్య పుల్లలు పైకెత్తి ఆగిపోయాడు. మాస్టారు చేతులు తీసేశాడు. వదిన మైకు దించింది.

బొటనవేలు చరచడానికి లేచింది. అయిదు చుట్లు అందులో రడీగా ఉన్నాయి, తళతళలాడుతున్నాయి. తూనీగ తల ఎత్తి చూసింది. వందల కాళ్ళు గాలిలో ఉన్నాయి. డ్రమ్ము లేదు. పాట లేదు. ఈ కాళ్ళన్నీ ఇప్పుడు ఎక్కడ దిగాలి?

బొటనవేలిని దించేసింది. రెండు స్వరాలు వేసింది. అటూ. ఇటూ.

మొదటి చుట్టు కొన్ని కాళ్ళు తడబడ్డాయి. రెండో చుట్టుకు సర్దుకున్నాయి. మూడో చుట్టుకు హాలు నేలే డ్రమ్మైపోయింది. ధప్పు, ధప్పు, కొత్త గచ్చు మీద చెప్పులూ, బూట్లూ, ఉత్తి పాదాలూ. వాళ్ళు ఆమె దెబ్బ మీద దిగుతున్నారు! ఒక్క ఆమె దెబ్బ మీద! అయిదో చుట్టులో గుండె రాయి చేసుకుని, రెండో స్వరాన్ని అరచేత్తో అణిచి, ఒక దెబ్బ అసలు వెయ్యకుండా వదిలేసింది. ఆ ఖాళీలో వందల కాళ్ళు ధప్పున పడ్డాయి. ఎవరో కేక పెట్టారు. ఆరో చుట్టులో మళ్ళీ వదిలింది. మళ్ళీ పడ్డాయి. వదిన రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఓలమ్మో అని నవ్వుతోంది.

ఏడో చుట్టు. ఎదురెవరూ లేరు. తిన్నటి దారి. ఒళ్ళంతా నొక్కు, నొక్కు, నొక్కు అంటోంది. మడమ కింద నేల అదురుతోంది. నొక్కలేదు. ఎనిమిది. ఒకటి, రెండు, మూడు. అన్నయ్య నిజంగానే కళ్ళు మూసుకున్నాడు. నాలుగు.

ధన్!

రెండు చప్పుళ్ళు కాదు, ఒక్కటే. పుల్ల దెబ్బా తీగ దెబ్బా ఎవరిది ఏదో తెలియకుండా కలిసేసరికి పైకప్పు అద్దాలు గలగలమన్నాయి. అన్నయ్య కళ్ళు తెరిచి చెల్లెల్ని చూసి, పళ్ళన్నీ బయటపెట్టి, చిన్నపిల్లాడిలా అరిచాడు. ఏమన్నాడో ఆ హోరులో వినబడలేదు.

పాట అయిపోయినా జనం గోడల దగ్గరికి పోలేదు. "మళ్ళీ! మళ్ళీ!" అని గోల.

వదిన చెమట తుడుచుకుంటూ మైకు అందుకుంది. "ఏ పాట కావాలి?"

"ఇదే!"

"మొత్తమా?"

ఉల్లిపాయల పెద్దాయన ఆయాసపడుతూ ముందుకొచ్చాడు. "మొత్తం ఎందుకమ్మా, ఆ మధ్యలో ముక్క చాలు. మీరందరూ నోరు మూసుకున్నారే, ఆ ముక్క!"

హాలంతా పగలబడి నవ్వింది. మాస్టారు కీబోర్డు మీంచి రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అన్నయ్య పుల్లలు చంకలో దోపుకుని, "విన్నావుగా తూనీ, మాకు పని లేదట," అన్నాడు. "కానియ్."

తూనీగ మడమ నేలకు ఆనించి, మొదటి దెబ్బ వేసింది.